వాల్వు ఆపరేషన్ తర్వాత నాన్నగారికి మళ్ళీ ఆయాసం. గుండె చుట్టూ నీరు చేరిందేమోనని భయంగా ఉంది

తెనాలి_కుర్రాడు · ఆదివారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 57 ఏళ్ళు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు పాడైందట, ఈమధ్యే మెటల్ వాల్వు వేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చిన మొదటి వారం వరండాలో అటూ ఇటూ నడిచారు, పేపరు చదువుకున్నారు, మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు మూడో వారం. నాలుగైదు రోజుల నుంచి మళ్ళీ ఆయాసం మొదలైంది, బాత్రూం దాకా వెళ్ళొస్తే కూర్చుండిపోతున్నారు. రాత్రి పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకి దిండ్లు ఆనించుకుని కూర్చుని ఉంటున్నారు. రెండు ముద్దలు తినేసరికి చాలంటున్నారు. ఎప్పుడూ 130 ఉండే బీపీ ఇవాళ సాయంత్రం 98/72, నాడి 114. యూరిన్ కూడా తగ్గిందని అమ్మ అంటోంది.

రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ వాడుతున్నారు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూపించి వారం పైనే అయింది. మధ్యలో దగ్గు వస్తే మా వీధి చివర డాక్టరు గారు యాంటీబయోటిక్ ఇచ్చారు. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ "అంత పెద్ద ఆపరేషన్ అయ్యాక నీరసం ఉండదా" అంటున్నారు. రివ్యూ బుధవారం ఉంది. అప్పటిదాకా ఆగొచ్చా? ఇలా ఎవరికైనా జరిగిందా?

ఐసీయూ_సిస్టర్ · ఆదివారం రాత్రి 9:57

తమ్ముడూ, ఆగొద్దు. బుధవారం కాదు, ఇప్పుడే బయల్దేరండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఫోన్ చేసి "వాల్వు పేషెంట్, ఎసిట్రోమ్ మీద ఉన్నారు, ఆయాసం, బీపీ తగ్గింది" అని ఈ మూడూ చెప్పండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఐఎన్ఆర్ కాగితాలు, మందుల కవరు చేతిలో పెట్టుకోండి. దారిలో వెనక్కి వాల్చి పడుకోబెట్టొద్దు, ఆయనకి ఎలా కూర్చుంటే హాయిగా ఉంటే అలా కూర్చోనివ్వండి. కారు లేకపోతే 108కి చేయండి.

నేను గుండె ఆపరేషన్ల ఐసీయూలోనే పనిచేస్తాను. ఆపరేషన్ నీరసం రోజురోజుకీ తగ్గుతుంది. ఒక వారం నడిచిన మనిషి రెండో వారంలోనో మూడో వారంలోనో వెనక్కి పడిపోతే దాన్ని నీరసం అనుకోకూడదు.

మానేరు_వాగు · ఆదివారం రాత్రి 10:04

అన్నా, సిస్టర్ చెప్పింది నిజం. మా బాపుకి పోయినేడు బైపాస్ అయింది, ఆయనకీ అచ్చం ఇట్లనే. మేము గ్యాస్ అనుకున్నం, ఎందుకంటే కడుపు పైభాగం బరువుగా ఉందన్నడు, ఎక్కిళ్ళు కూడా వచ్చినయి. ఎకో చేస్తే గుండె చుట్టూ నీరు. ముందు వెళ్ళండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కొబ్బరితోట · ఆదివారం రాత్రి 10:11

భయపడకండి బాబూ. మా మేనమామకి ఒంట్లో నీరు పడితే బార్లీ నీళ్ళు, లాసిక్స్ టాబ్లెట్ ఇచ్చారు, రెండ్రోజుల్లో దిగిపోయింది. ఈ రాత్రికి ఒక లాసిక్స్ వేసి చూడండి, పొద్దున్నే వెళ్ళొచ్చు.

హృద్రోగ_పీజీ · ఆదివారం రాత్రి 10:19

కొబ్బరితోట గారూ, మీ మంచి మనసు అర్థమైంది కానీ దయచేసి ఆ సలహా వద్దు. మీ మేనమామ గారికి కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో నీరు పట్టి ఉంటుంది, దానికి లాసిక్స్ సరైన మందే. ఇక్కడ అనుమానం వేరు. గుండె చుట్టూ సంచిలో నీరు చేరి గుండెని నొక్కుతుంటే, ఆ ఒత్తిడిని తోసుకుని లోపలికి వచ్చే రక్తం వల్లే బీపీ ఈ మాత్రమైనా నిలబడి ఉంటుంది. లాసిక్స్ వేస్తే ఒంట్లో నీరు యూరిన్‌లో పోతుంది, సంచిలో నీరు మాత్రం అక్కడే ఉంటుంది. గుండెలోకి వచ్చే రక్తం ఇంకా తగ్గి బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. 98 బీపీ ఉన్న మనిషికి ఇంట్లో ఆ టాబ్లెట్ ఇవ్వకూడదు.

తెనాలి తమ్ముడూ, ఈ రాత్రి ఎసిట్రోమ్ వేయాలా వద్దా అని మీరు తేల్చుకోవద్దు, అక్కడి డాక్టర్‌నే అడగండి. అలాగే నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఏవీ ఇవ్వొద్దు.

తెనాలి_కుర్రాడు · ఆదివారం రాత్రి 10:23

బయల్దేరుతున్నాం. బాబాయి కారు తెచ్చారు. థాంక్స్ అండి.

కొబ్బరితోట · ఆదివారం రాత్రి 10:26

సరే డాక్టరు గారూ, నాకు ఆ తేడా తెలీదు. బాబూ, జాగ్రత్తగా వెళ్ళిరండి.

తెనాలి_కుర్రాడు · సోమవారం తెల్లవారుజాము 3:15

ఎక్స్‌రేలో గుండె నీడ ముందుకన్నా బాగా పెద్దగా ఉందన్నారు, వెంటనే మంచం దగ్గరికే మిషన్ తెచ్చి ఎకో చేశారు. గుండె వెనకవైపు 26 మిల్లీమీటర్లు, ముందు 18 మిల్లీమీటర్ల నీరు ఉందట. ఐఎన్ఆర్ 6.2. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారు, ప్లాస్మా ఎక్కిస్తున్నారు. తెల్లారాక సూదితో తీస్తామన్నారు, ఈలోపు బీపీ పడిపోతే ఇప్పుడే తీస్తారట. నాన్నగారు మాట్లాడుతున్నారు. అమ్మకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

డాక్టరు గారూ, వాల్వు బాగానే ఉందంటున్నారు, ఆపరేషన్ బాగానే అయిందంటున్నారు. మరి ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

హృద్రోగ_పీజీ · సోమవారం ఉదయం 6:40

ఇప్పుడే డ్యూటీ దిగాను, కొంచెం వివరంగా రాస్తాను.

గుండె చుట్టూ పెరికార్డియం అని రెండు పొరల సంచి ఉంటుంది. గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి లేకుండా ఆ పొరల మధ్య ఎవరికైనా 15 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా ద్రవం ఉంటుంది. ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌లో ఈ సంచిని కోసుకునే లోపలికి వెళ్తారు. అందుకే తర్వాత కొంత రక్తపు ఊట, కొంత వాపు నీరు అక్కడ చేరడం చాలా మామూలు. ఆపరేషన్ అయిన పది రోజులకి అందరికీ ఎకో చేస్తూ పోతే సగం మంది పైనే ఎంతో కొంత నీరు కనిపిస్తుంది. ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు, కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది.

కొద్దిమందిలో అది పెరుగుతుంది. పెరగడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మందులు ఎక్కువగా పనిచేసి సన్నగా రక్తం ఊరడం. మీ నాన్నగారి ఐఎన్ఆర్ 6.2 చూస్తే ఇదే అనిపిస్తోంది. అన్నం సరిగా తినకపోతే విటమిన్ కె అందదు, ఐఎన్ఆర్ పెరుగుతుంది. దానిమీద యాంటీబయోటిక్ పడితే ఇంకా పెరుగుతుంది. రెండోది, కోసిన సంచి మీద శరీరమే తిరగబడి వాపు తెప్పించడం. దాన్ని పోస్ట్ పెరికార్డియాటమీ సిండ్రోమ్ అంటారు. అందులో జ్వరం, గాలి పీలిస్తే పొడిచే ఛాతీ నొప్పి ఉంటాయి, రక్తపరీక్షలో వాపుని చూపించే సీఆర్‌పీ పెరుగుతుంది.

ఎంత నీరు ఉందన్నదాని కంటే ఎంత తొందరగా చేరిందన్నదే ముఖ్యం. ఆ సంచి కొత్త తోలుచెప్పు లాంటిది, నెమ్మదిగా అయితే సాగుతుంది, ఒక్కసారిగా సాగదు. గంటల్లో చేరితే 150, 200 మిల్లీలీటర్లకే గుండె నలిగిపోతుంది, వారాల తరబడి చేరితే లీటరు దాటినా మనిషి తిరుగుతూ ఉండొచ్చు. గుండె పిండగలదు కానీ నిండటానికి చోటు ఉండదు. ఆ స్థితినే టాంపొనేడ్ అంటారు. 1935లో క్లాడ్ బెక్ అనే సర్జన్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు: బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందంగా వినిపించడం. మాకు ఎంబీబీఎస్‌లో ఇదే నేర్పుతారు. కానీ ఆపరేషన్ అయినవాళ్ళలో ఈ మూడూ కలిసి కనిపించే దాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. తిండి సయించకపోవడం, యూరిన్ తగ్గడం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడం, పడుకోలేకపోవడం, ఇవే చాలామందిలో ముందు కనిపిస్తాయి.

ఎకో_గది · సోమవారం ఉదయం 8:05

విశాఖలో ఎకో టెక్నీషియన్‌గా చేస్తాను. డాక్టర్ గారు చెప్పినదానికి మా గది వైపు నుంచి కొంచెం.

స్క్రీన్ మీద రక్తం, నీరు నల్లగా కనిపిస్తాయి, గుండె గోడ బూడిద రంగులో ఉంటుంది. మామూలు మనిషిలో గోడ బయట వెంటనే తెల్లటి గీత ఉంటుంది. నీరుంటే ఆ రెంటి మధ్య నల్లటి పట్టీ కనిపిస్తుంది. దాని మందం కొలుస్తాం: 10 మిల్లీమీటర్ల లోపు అయితే తక్కువ, 10 నుంచి 20 మోస్తరు, 20 దాటితే ఎక్కువ అని రాస్తాం. గుండె విచ్చుకునే క్షణంలో కుడివైపు గదుల గోడ లోపలికి గుంట పడుతోందా అని చూస్తాం, పొట్టలోంచి వచ్చే పెద్ద సిర ఉబ్బిపోయి గాలి పీల్చినా ముడుచుకోకుండా ఉందా అని చూస్తాం. నీరు బాగా ఎక్కువుంటే గుండె మొత్తం ఊగుతూ కనిపిస్తుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేం.

ఆపరేషన్ పేషెంట్లలో కష్టం ఏంటంటే నీరు అన్నివైపులా సమానంగా ఉండదు. అతుకులు పడి ఒక మూల, ముఖ్యంగా వెనకాల, చిన్న అరలాగా నిలిచిపోతుంది. గడ్డకట్టిన రక్తమైతే నల్లగా కాకుండా బూడిద రంగులో ఉండి గుండె గోడలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. పైగా ఛాతీ మీద కట్టు, నొప్పి వల్ల పేషెంట్ ఎడమవైపు తిరగలేరు. అందుకని మామూలు ఎకోలో ఏమీ లేదని వచ్చినా మనిషి బాగోలేకపోతే గొంతులోంచి చేసే టీఈఈ గానీ సీటీ గానీ అడగాలి. ఎకో గదికి వచ్చినప్పుడు ఆపరేషన్ ఎప్పుడైంది, రక్తం పలచబరిచే మందు వాడుతున్నారా, మీరే నోరు తెరిచి చెప్పండి. రిక్వెస్ట్ కాగితం మీద చాలాసార్లు "ఎకో" అని ఒక్క మాటే ఉంటుంది.

ఇంకో సంగతి. గుండె చుట్టూ నీటిని అల్ట్రాసౌండ్‌తో పట్టుకోవచ్చని అమెరికాలో ఫైగన్‌బామ్ అనే డాక్టర్ 1965లో రాశారు. అంతకుముందు వాళ్ళు వేలితో తట్టి, ఎక్స్‌రే చూసి ఊహించాల్సిందే. ఇవాళ జిల్లా కేంద్రాల్లో కూడా ఎకో దొరుకుతోంది, అలాంటిది ఒక్క ఎకో చేయించకుండా వారం రోజులు నీరసం అనుకుంటూ కూర్చోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మానేరు_వాగు · సోమవారం ఉదయం 9:30

మా బాపు ఎకో రిపోర్ట్‌లో "లాక్యులేటెడ్" అని ఉండె, ఇప్పుడర్థమైంది. వెనకాల ఉందని, సూది అందదని చెప్పి ఆయనకి ఛాతీ ఎముక కింద చిన్న కోత పెట్టి తీసిండ్రు. మళ్ళీ ఛాతీ మొత్తం తెరుస్తరేమో అని మా అమ్మ ఏడ్చింది కానీ అంతదూరం పోలేదు.

తెనాలి అన్నా, ఎట్లుంది నాన్నగారికి?

తెనాలి_కుర్రాడు · సోమవారం మధ్యాహ్నం 2:20

పొద్దున ఐఎన్ఆర్ తగ్గాక క్యాథ్‌ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. ఎకో చూసుకుంటూ ఛాతీ ఎముక కింద నుంచి సూది పంపి సన్నటి పైపు పెట్టారు. 600 మిల్లీలీటర్ల పైన వచ్చిందట, ముదురు ఎరుపు. తీస్తుండగానే బీపీ 94 నుంచి 124కి వచ్చిందని డాక్టరు గారు బయటికొచ్చి చెప్పారు. పైపు అలాగే ఉంచి చిన్న బ్యాగు తగిలించారు. ఇందాక లోపలికి పంపితే చూశాను, నాన్నగారు ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు, ఇన్ని రోజుల్లో అలా పడుకోవడం ఇదే. లేచాక ఇడ్లీ అడిగారని సిస్టర్ చెప్పింది.

మీ అందరికీ ఏమని చెప్పాలో తెలియట్లేదు. ఇప్పుడు నా టెన్షన్ ఎసిట్రోమ్ గురించి. వేస్తే మళ్ళీ నీరు, వేయకపోతే వాల్వు మీద గడ్డ. ఏం చేస్తారు?

హృద్రోగ_పీజీ · సోమవారం సాయంత్రం 4:45

చాలా సంతోషం. పైపులోంచి రోజుకి 25, 50 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తుంటే, ఎకోలో మళ్ళీ చేరలేదని చూసుకుని పైపు తీసేస్తారు.

ఎసిట్రోమ్ సంగతి మీరన్నది నిజమే, రెండువైపులా ప్రమాదం ఉంది. మెటల్ వాల్వు, అందులో మైట్రల్ స్థానంలో ఉన్నది, మందు లేకుండా ఎక్కువ రోజులు ఉండకూడదు. గడ్డకట్టి వాల్వు రెక్క ఇరుక్కుపోతే అదీ ప్రాణాంతకమే. కాబట్టి రక్తం ఊరడం ఆగిందని తేలాక సాధారణంగా హెపారిన్ అనే రక్తం పలచబరిచే ఇంజెక్షన్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే ఏదైనా తేడా వస్తే దాన్ని గంటల్లో ఆపేయొచ్చు. తర్వాత ఎసిట్రోమ్ కలిపి ఐఎన్ఆర్ కుదిరాక హెపారిన్ ఆపుతారు. ఏ రోజు మొదలుపెట్టాలన్నది మీ సర్జన్ ఎకో చూసుకుంటూ తేల్చే విషయం. మీరు అడగాల్సినవి: ఐఎన్ఆర్ ఎంత మధ్య ఉండాలి, ఇంటికెళ్ళాక ఎన్ని రోజులకోసారి చూపించాలి, మళ్ళీ ఎకో ఎప్పుడు. ఈ మూడింటికీ జవాబు డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి.

పెద్దాపురం_మాస్టారు · సోమవారం రాత్రి 8:10

బాబూ, నాకు అయోర్టిక్ వాల్వు మార్చి చాలా ఏళ్ళయింది. ఎసిట్రోమ్‌తో కాపురం అలవాటైపోయింది. మెటల్ మైట్రల్ వాల్వుకి ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు, నాలాంటి అయోర్టిక్ వాళ్ళకి 2 నుంచి 3. మొదటి రెండు మూడు నెలలు ఇది గాలిపటంలా ఎగురుతుంది, ఎందుకంటే తిండి కుదురుకోదు, మందులు మారుతుంటాయి. ఆ రోజుల్లో వారానికి ఒకసారైనా చూపించుకోవాలి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, ఐఎన్ఆర్, ఆ వారం ఎంత డోసు, కొత్తగా ఏ మందు వేశారు, ఇవి నాలుగు గళ్ళలో రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, నోరు తెరిచే ముందు ఆ పుస్తకం ఇవ్వండి.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని కొందరు చెప్తారు. అక్కర్లేదు. గోంగూర, తోటకూర, పాలకూర వారానికి ఎంత తింటారో ప్రతి వారం అంతే తినాలి. ఒక వారం రోజూ తిని ఇంకో వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ కుదరదు. జ్వరం వచ్చి రెండ్రోజులు తినలేకపోయినా, యాంటీబయోటిక్ మొదలుపెట్టినా మూడు నాలుగు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించాలి.

పాప_అమ్మ · సోమవారం రాత్రి 9:25

ఇది పెద్దవాళ్ళకే కాదండి. మా పాపకి ఆరేళ్ళప్పుడు గుండెలో రంధ్రం మూశారు, ఏఎస్‌డీ. ఇంటికొచ్చాక ఆడుకుంది కూడా. ఆ తర్వాత ఒకరోజు జ్వరం, వాంతులు, ఏమీ తిననని ఏడుపు, ఎత్తుకుంటే భుజం నొప్పి అనేది. పిల్లల డాక్టరు వైరల్ జ్వరం అన్నారు. నాకెందుకో మనసొప్పక ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. నీరు చేరింది, కానీ తీయాల్సినంత కాదు. ఆస్పిరిన్ ఇచ్చి నాలుగు వారాలు ఎకోలతో చూసుకున్నారు, పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు స్కూల్లో పరుగు పందాల్లో ఉంటుంది.

చిన్నపిల్లలు ఆయాసం అని చెప్పరు. ఆపరేషన్ అయిన నెల లోపు వాంతులు, చిరాకు, జ్వరం వస్తే గుండె డాక్టర్‌కి ఫోన్ చేయండి, అమ్మలందరికీ నా మాట ఇదే.

లీడ్స్_నుంచి · సోమవారం రాత్రి 11:50

నెల్లూరు అమ్మాయిని, ఇక్కడ గుండె ఆపరేషన్ల వార్డులో నర్సుని. పాప అమ్మ గారి మాట అక్షరాలా నిజం. పెద్దవాళ్ళ కన్నా ఏఎస్‌డీ పిల్లల్లో ఈ వాపు రకం నీరు మేం ఎప్పుడూ అనుమానించేదే.

ఇంటికెళ్ళాక వచ్చేది ఒక రకమైతే ఆసుపత్రిలో ఉండగానే వచ్చేది ఇంకో రకం. ఆపరేషన్ అయ్యాక ఛాతీలోంచి డ్రెయిన్ పైపులు ఉంటాయి కదా, వాటిలో ప్రతి గంటా ఎంత వచ్చిందో రాస్తాం. చుట్టాలు ఎక్కువ వస్తే భయపడతారు, మేం ఉన్నట్టుండి ఆగిపోతే కూడా భయపడతాం. ఇప్పటిదాకా వస్తున్న రక్తం ఆగి, బీపీ తగ్గుతూ, నాడి పెరుగుతుంటే పైపులో గడ్డ అడ్డుపడి లోపల నిండుతోందని అనుమానిస్తాం. అలాగే తాత్కాలిక పేస్‌మేకర్ తీగలు లాగేశాక కొన్ని గంటలు పేషెంట్‌ని మంచం దిగనివ్వం, బీపీ తరచూ చూస్తాం, ఎందుకంటే అరుదుగా ఆ తీగ ఉన్నచోట రక్తం ఊరుతుంది. మంచం దిగొద్దని సిస్టర్ కసిరితే కోపం తెచ్చుకోకండి.

ఇంకోటి, డాక్టర్ గారిని అడగాలనుకున్నాను. ఈ నీరు రాకుండా వాపు తగ్గించే కోల్చిసిన్ మందు ముందే అందరికీ ఇస్తే మంచిది కదా? మా దగ్గర ఒక సర్జన్ ఇస్తారు, ఇంకొకరు ఇవ్వరు.

హృద్రోగ_పీజీ · మంగళవారం ఉదయం 7:15

మంచి ప్రశ్న, మా డిపార్ట్‌మెంట్‌లో కూడా దీనిమీద వాదనలు ఉన్నాయి. 2010లో ఇటలీలో కాప్స్ అనే పరిశోధన 360 మంది ఆపరేషన్ పేషెంట్ల మీద చేశారు. కోల్చిసిన్ తీసుకున్నవాళ్ళలో వాపు సిండ్రోమ్ 8.9 శాతం మందికి వస్తే, తీసుకోనివాళ్ళలో 21.1 శాతం మందికి వచ్చింది. తేడా పెద్దదే. 2014లో కాప్స్-2 కూడా సిండ్రోమ్ తగ్గిందనే చెప్పింది, కానీ విరేచనాలు, కడుపు ఇబ్బందులు ఎక్కువయ్యాయి. అయితే అప్పటికే చేరిపోయిన నీటి మీద, ఒంట్లో వాపు లక్షణాలు లేకపోతే, ఈ మందులు పెద్దగా పనిచేయడం లేదు. ఫ్రాన్స్‌లో డైక్లోఫెనాక్ ఇచ్చి చూశారు, 196 మంది మీద, 2010లో వచ్చింది ఆ ఫలితం. నీరూ తగ్గలేదు, టాంపొనేడూ తగ్గలేదు. తర్వాత కోల్చిసిన్‌తో అలాగే చేస్తే అదే ఫలితం.

అందుకని నా అభిప్రాయం: జ్వరం, నొప్పి, సీఆర్‌పీ ఉన్న వాపు రకానికి ఆస్పిరిన్ లాంటి మందు, కోల్చిసిన్ కలిపి ఇవ్వాలి, కిడ్నీ పనితీరు, మిగతా మందులు చూసుకుని. రక్తం ఊరే రకానికి ఐఎన్ఆర్ సరిచేయడం, అవసరమైతే నీరు తీయడం, మళ్ళీ మళ్ళీ ఎకో చేయడం. అందరికీ ఒకే మందు రాసేయడం నాకు నచ్చదు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకోవడం అయితే అసలు వద్దు, ఎసిట్రోమ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

ఎకో_గది · మంగళవారం ఉదయం 8:40

సార్, ఆపరేషన్ చేసేటప్పుడే దీన్ని ఆపే మార్గం ఏదో ఉందని మా సర్జన్ గారు అంటుంటే విన్నాను. సంచికి వెనకాల ఒక కోత పెడతారట.

హృద్రోగ_పీజీ · మంగళవారం మధ్యాహ్నం 1:30

ఉంది. సంచి వెనక భాగంలో ఎడమవైపు చిన్న కోత పెట్టి వదిలేస్తారు. అప్పుడు ఊరిన ద్రవం గుండె చుట్టూ నిలవకుండా ఎడమ ఊపిరితిత్తి పక్క ఖాళీలోకి జారిపోతుంది, అక్కడ చోటు ఎక్కువ, పైగా తీయడమూ తేలిక. న్యూయార్క్‌లో 420 మంది మీద చేసిన పరిశోధన 2021లో లాన్సెట్‌లో వచ్చింది. నీరు చేరడం 21 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ 32 నుంచి 17 శాతానికి తగ్గింది, నిజానికి వాళ్ళు ముఖ్యంగా చూసింది దాన్నే. నాకు ఇది చాలా ఆశ కలిగించే విషయం, ఎందుకంటే కొత్త మిషను, కొత్త మందు ఏమీ అక్కర్లేదు. ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు సర్జన్‌ని దీని గురించి అడగొచ్చు. అందరికీ కుదరదు, ఇంతకుముందు ఆపరేషన్ అయి అతుకులు ఉన్నవాళ్ళలో కష్టం.

మానేరు_వాగు · మంగళవారం రాత్రి 9:05

డాక్టర్ సాబ్, రెండు ముచ్చట్లు. నీరు తీసినప్పుడు మా చుట్టాలలో ఒకాయన "గుండె చుట్టూ నీరంటే టీబీనే, టీబీ మందులు మొదలుపెట్టించు" అని గట్టిగ చెప్పిండు. మేము వాడలేదు, అది కరెక్టేనా? రెండోది, బాపుకి ఇప్పుడు సంవత్సరం దాటింది. ఆయాసం లేదు కానీ రెండు నెలల సంది కాళ్ళు వాస్తున్నయి, పొట్ట కూడా కొంచెం ఉబ్బింది. లివర్ అని స్కాన్ చేయించినం, లివర్ కొద్దిగా పెద్దగుంది అన్నరు. దీనికీ దానికీ సంబంధం ఉంటదా?

హృద్రోగ_పీజీ · మంగళవారం రాత్రి 10:20

టీబీ మాట గాలిమాట కాదు. మన దేశంలో ఆపరేషన్ ఏదీ లేకుండా గుండె చుట్టూ నీరు చేరితే టీబీని తప్పకుండా అనుమానిస్తాం. కానీ ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో చేరిన నీటికి కారణం దాదాపు ఎప్పుడూ ఆపరేషనే. అయినా తీసిన నీటిని ల్యాబ్‌కి పంపి టీబీ ఉందేమో చూసే ఏడీఏ లాంటి పరీక్షలు చేస్తారు, పాత రిపోర్టులో చూడండి, అది ఉండి ఉంటుంది. పరీక్ష లేకుండా ఆరు నెలల మందులు మింగించకపోవడం సరైన పనే.

రెండో విషయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నీరు పోయాక కొద్దిమందిలో, నెలలూ ఏళ్ళూ గడిచాక, ఆ సంచి మందంగా గట్టిపడి గుండెని బిగించేస్తుంది. కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్ అంటారు. కాళ్ళ వాపు, పొట్ట ఉబ్బడం, లివర్ పెద్దదవడం, ఇవి దాని ముఖ్యమైన గుర్తులు, అందుకే చాలామంది ముందు లివర్ డాక్టర్ దగ్గరే తిరుగుతుంటారు. అరుదైనదే, మీ నాన్నగారికి అదే అని నేను చెప్పలేను, బైపాస్ అయినవాళ్ళకి కాళ్ళ వాపుకి ఇంకా చాలా కారణాలు ఉంటాయి, కాలి నరం తీసినవైపు మాత్రమే వాపు ఉంటే అదీ వేరు. రెండు కాళ్ళూ వాస్తున్నాయా, ఒక్కటేనా?

మానేరు_వాగు · మంగళవారం రాత్రి 10:31

రెండూ సార్. వేలితో నొక్కితే గుంట పడుతుంది.

ఎకో_గది · మంగళవారం రాత్రి 10:44

అయితే ఎకోకి వెళ్ళినప్పుడు "పోయినేడు గుండె చుట్టూ నీరు తీశారు, ఇప్పుడు కాళ్ళు, పొట్ట వాపు" అని రెండూ కలిపి చెప్పండి. గట్టిపడిన సంచిని చూడాలంటే మేం గాలి పీల్చి వదిలేటప్పుడు రక్త ప్రవాహం ఎలా మారుతోందో విడిగా కొలవాలి, మామూలు ఎకోలో చాలాసార్లు ఆ కొలతలు తీయరు. పాత ఎకో రిపోర్టులు, వీలైతే సీడీ కూడా తీసుకెళ్ళండి. అవసరమైతే సీటీ రాస్తారు.

తెనాలి_కుర్రాడు · బుధవారం ఉదయం 11:10

నాన్నగారి పైపు ఇవాళ తీశారు, ఎకోలో అంచున కొంచెమే ఉందన్నారు. హెపారిన్ మొదలుపెట్టారు. మాస్టారూ, మీరు చెప్పిన నోట్‌బుక్ చెల్లెలు గళ్ళు గీసి సిద్ధం చేసింది.

సిస్టర్ గారూ, పైపు పెట్టిన చోట చిన్న కట్టు ఉంది, ఇంటికెళ్ళాక ఎలా చూసుకోవాలి?

ఐసీయూ_సిస్టర్ · బుధవారం ఉదయం 11:35

కట్టు తీసేయమని చెప్పేదాకా తడవనివ్వకండి, ఒళ్ళు గుడ్డతో తుడవండి. రోజూ కట్టు మార్చేటప్పుడు ఎర్రబడిందా, చీము గానీ నీరు గానీ కారుతోందా చూడండి. జ్వరం వస్తే ఫోన్ చేయండి. పొద్దున్నే యూరిన్‌కి వెళ్ళొచ్చాక బరువు, తర్వాత కూర్చోబెట్టి బీపీ, నాడి చూసి అదే నోట్‌బుక్‌లో రాయండి. బరువు రెండ్రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, నాడి మళ్ళీ వంద దాటి తగ్గకపోయినా, పడుకోలేకపోయినా రివ్యూ తేదీ కోసం చూడొద్దు.

మానేరు_వాగు · బుధవారం మధ్యాహ్నం 12:15

డాక్టర్ సాబ్, బాపుకి గురువారం పొద్దుగాల కార్డియాలజీల అపాయింట్‌మెంట్ తీసుకున్న. పాత రిపోర్టులన్నీ తీసి ఫైల్‌ల పెట్టిన, నీరు పరీక్ష కాగితం కూడా దొరికింది, ఏడీఏ తక్కువనే ఉంది. ఎకో అయినంక కొలతలు ఇక్కడ పెడత, చూసి చెప్పండి.